వేలి మీది గుర్తు నుంచి బోరు నీటి ఉప్పుదనం దాకా: సిల్వర్ నైట్రేట్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతీస్తుంది

ఓటేసి బయటికొచ్చాక వేలి మీద మిగిలే ముదురు గుర్తు, కోస్తా గ్రామాల్లో బోరు నీళ్లలో ఉప్పు ఎంతుందో తేల్చే పరీక్ష, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో టెస్ట్‌ట్యూబు అడుగున విరిగిన పెరుగులా చేరే తెల్లటి అవక్షేపం, కాలిన గాయానికి రాసే తెల్లటి క్రీము. వీటన్నింటి వెనకా ఉన్నది ఒకే రసాయనం, సిల్వర్ నైట్రేట్. చూడటానికి కళ్లుప్పు పలుకుల్లా ఉంటుంది. నీళ్లలో వేస్తే రంగు లేకుండా కరిగిపోతుంది. ముట్టుకున్న వేలు మాత్రం కొన్ని గంటల తర్వాత నల్లబడుతుంది.

దీని ఉపయోగాలు ఒకచోట, జాగ్రత్తలు మరోచోట జాబితాగా బట్టీపట్టడం వల్ల గందరగోళం పెరుగుతుంది. నిజానికి వెండి అయాన్‌కున్న రెండు స్వభావాలు పట్టుకుంటే చాలు. మొదటిది, ఉప్పులో ఉండే క్లోరైడ్ ఎక్కడ కనిపించినా దాన్ని పట్టుకుని కరగని తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా కిందికి దిగిపోతుంది. రెండోది, అవకాశం దొరికితే ఎలక్ట్రాన్ తీసుకుని మళ్లీ లోహపు వెండిగా మారిపోతుంది. ఆ సన్నటి వెండి రేణువులు మెరవవు, నల్లగా కనిపిస్తాయి. దీని ఉపయోగాల్లోనూ ప్రమాదాల్లోనూ ఎక్కువ భాగం ఈ రెండింటి నుంచి పుట్టినవే.

సీసాలో ఉన్నదేమిటి

సిల్వర్ నైట్రేట్ అణుభారం 169.87. అందులో వెండి వాటా 63.5 శాతం. అంటే 25 గ్రాముల సీసాలో దాదాపు 15.9 గ్రాముల వెండి ఉన్నట్టే, ధర వెండి ధరతో పాటే ఎగిరి పడటానికి కారణం ఇదే. 212 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 440 డిగ్రీల ప్రాంతానికి చేరితే విడిపోయి లోహపు వెండి, ఆక్సిజన్, గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ ఇస్తుంది. వెండి లవణాల్లో చాలా భాగం నీళ్లలో కరగవు. ఇది మాత్రం 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో 200 గ్రాములకు పైగా కరుగుతుంది. అందుకే తక్కిన వెండి సమ్మేళనాలు చేయాలంటే దాదాపు అందరూ దీనితోనే మొదలుపెడతారు.

తయారీ సూత్రం చిన్నదే: స్వచ్ఛమైన వెండిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆవిరి చేసి, స్ఫటికాలు కట్టించడం. కానీ అప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్ల పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పీల్చిన వెంటనే ఏమీ అనిపించకపోయినా గంటల తర్వాత ఊపిరాడకుండా చేయగలదు. పొగ లాగేసే ఫ్యూమ్ హుడ్ లేని చోట ఈ పని అసలు మొదలుపెట్టకూడదు. పైగా నగల వెండిలో రాగి కలిసి ఉంటుంది. దాన్ని కరిగిస్తే ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది, ఆ స్ఫటికాలు పరీక్షలకు పనికిరావు.

వెలుతురు తగిలితే సిల్వర్ నైట్రేట్ నల్లబడుతుందని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. అది సగం నిజం. శుభ్రమైన స్ఫటికాన్ని వెలుతురు పెద్దగా ఏమీ చేయదు. దుమ్ము, కాగితం పీచు, చేతి చెమట, బెండు మూత లాంటి సేంద్రియ పదార్థం తోడైతేనే వెండి అయాన్ లోహంగా మారి నలుపు తేలుతుంది. కాబట్టి ముదురు గోధుమరంగు సీసా ఒక్కటే చాలదు, అది శుభ్రంగా ఉండాలి, మూత గాజుదో ప్లాస్టిక్‌దో కావాలి. ఇనుము, ఇత్తడి, రాగి గరిటెలతో తీయకూడదు. ఆ లోహం కరిగి వెండిని బయటికి నెట్టేస్తుంది, గరిటె నల్లబడుతుంది, సీసాలోకి మలినం చేరుతుంది.

వేలి మీద గుర్తు ఎందుకు చెరగదు

ఫొటోగ్రఫీ తొలి రోజుల పద్ధతి ఒకటి చూస్తే సిరా రహస్యం తేలిగ్గా అర్థమవుతుంది. ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలపు ఆల్బుమెన్ ప్రింట్ల కోసం గుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పూసేవారు. అది ఆరాక సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేలించేవారు. కాగితం పైపొరలోనే సిల్వర్ క్లోరైడ్ ఏర్పడేది. నెగెటివ్ కింద పెట్టి ఎండ చూపిస్తే వెలుతురు పడ్డ మేర వెండిగా మారి ముదురుబొమ్మ వచ్చేది. మిగిలిన సిల్వర్ క్లోరైడ్‌ను హైపోతో, అంటే సోడియం థయోసల్ఫేట్‌తో, కరిగించి కడిగేసేవారు.

మన చర్మం కూడా అచ్చం ఆ కాగితం లాంటిదే: ప్రోటీన్ ఉంది, చెమటలో ఉప్పు ఉంది. సిరాలోని వెండి చర్మం పైపొరలోకి ఇంకి, ఉప్పుతో సిల్వర్ క్లోరైడ్‌గా, ప్రోటీన్‌తో సమ్మేళనంగా బిగుసుకుని, వెలుతురుకు నల్లబడుతుంది. అది పైన అంటిన రంగు కాదు, పొరలోపల పుట్టిన లోహం. సబ్బు, స్పిరిట్ దాన్ని కదిలించలేవు. పాతపొర రాలి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. గోరు మీదైతే ఆ గోరు పెరిగి ముందుకు జరిగి కత్తిరించేదాకా వారాలపాటు నిలుస్తుంది. 2006 నుంచి గుర్తును గోరు పైకొస నుంచి మొదటి కణుపు దాకా గీతగా పెట్టడంలో ఉపయోగం ఇదే.

మన ఎన్నికల్లో ఈ సిరా 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి వాడుకలో ఉంది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల రూపొందించిన సూత్రంతో మైసూరులోని కర్ణాటక ప్రభుత్వ సంస్థ మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్ తయారుచేస్తోంది. పూర్తి సూత్రం బయటపెట్టలేదు. ఈ రకం సిరాల్లో సిల్వర్ నైట్రేట్ సాధారణంగా 10 నుంచి 18 శాతం మధ్య ఉంటుంది. రాయగానే కనిపించే రంగు మాత్రం అందులో కలిపిన డైది. వెండి నలుపు ఆ తర్వాత తేలుతుంది. అందుకే గుర్తు పెట్టగానే తుడవనీయకుండా ఆరేదాకా చూడాలని పోలింగ్ సిబ్బందికి చెబుతారు. వేలికి నూనె గానీ జిడ్డు గానీ ఉంటే ముందు గుడ్డతో తుడవాలి. పుల్లను ముంచి సన్నగా ఒక్క గీత గీస్తే సరిపోతుంది. చిక్కగా పులిమితే గుర్తు మరింత గట్టిపడదు, చర్మం మాత్రం మండి పొక్కవచ్చు.

బోరు నీటిలో ఉప్పు కొలవడం

సిల్వర్ నైట్రేట్ మొదటి స్వభావానికి అత్యంత ఉపయోగకరమైన రూపం జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫ్రెడరిక్ మోర్ 1856లో ప్రకటించిన క్లోరైడ్ అంశమాపనం, అంటే టైట్రేషన్. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరులోకి ఉప్పునీరు చొరబడుతోందా లేదా అని చూడటానికి ఇప్పటికీ ఇది చవకైన, నమ్మకమైన పద్ధతి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ లీటరుకు 250 మి.గ్రా. దాకా ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు 1,000 మి.గ్రా. వరకు అనుమతి.

ద్రావణాల కొలతలివి. సిల్వర్ నైట్రేట్ 2.395 గ్రాములు స్వేదనజలంలో కరిగించి సరిగ్గా ఒక లీటరు చేస్తే 0.0141 నార్మల్ ద్రావణం వస్తుంది. దాని ఒక్కో మి.లీ. 0.5 మి.గ్రా. క్లోరైడ్‌కు సమానం. దీన్ని సరిచూసుకోవడానికి 140 డిగ్రీల వద్ద ఆరబెట్టిన సోడియం క్లోరైడ్ 824 మి.గ్రా. లీటరు నీటిలో కరిగించి పెట్టుకోవాలి. సూచిక 5 శాతం పొటాషియం క్రోమేట్.

100 మి.లీ. నమూనాను కోనికల్ ఫ్లాస్క్‌లో తీసుకుని, పీహెచ్ 7కూ 10కీ మధ్య ఉండేలా చూసి, ఒక మి.లీ. క్రోమేట్ వేస్తే నీళ్లు పసుపవుతాయి. బ్యూరెట్ నుంచి సిల్వర్ నైట్రేట్ వదులుతూ ఫ్లాస్క్‌ను తిప్పుతుంటే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ ఏర్పడుతుంది. క్లోరైడ్ అయిపోగానే వెండి క్రోమేట్‌ను పట్టుకుని ఎర్రటి సిల్వర్ క్రోమేట్ ఇస్తుంది. పసుపు కాస్తంత గులాబీ ఛాయకు తిరిగిన క్షణమే ముగింపు. ఇదే తీరున నమూనా బదులు స్వేదనజలంతో బ్లాంక్ చేస్తే మామూలుగా 0.2, 0.3 మి.లీ. వస్తుంది. నమూనా రీడింగులోంచి దాన్ని తీసేసి 5తో హెచ్చిస్తే లీటరుకు మి.గ్రా. క్లోరైడ్. ఉదాహరణకు రీడింగు 42.3, బ్లాంక్ 0.3 అయితే 42 ఇంటూ 5, అంటే 210.

రెండు అవక్షేపాలూ కలగాపులగంగా రావు కదా, ఎందుకని? ఈ గాఢత క్రోమేట్ ఎర్రబడటానికి ద్రావణంలో చేరాల్సినంత వెండి చేరే సమయానికి మిగిలి ఉండే క్లోరైడ్ లీటరుకు సుమారు 0.3 మి.గ్రా. మాత్రమే. అంటే దాదాపు అంతా అప్పటికే కిందికి దిగిపోయింది. క్రోమేట్ మరీ ఎక్కువ వేస్తే ముగింపు ముందే వస్తుంది, తక్కువ వేస్తే ఆలస్యమవుతుంది. ఒక మి.లీ. అన్న కొలతను అందాజుగా తీసుకోకూడదు.

పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. పీహెచ్ 7 కన్నా బాగా తగ్గితే క్రోమేట్ డైక్రోమేట్‌గా మారుతుంది, ఎరుపు ఆలస్యంగా వస్తుంది, ఫలితం ఎక్కువగా చూపిస్తుంది. 10 దాటితే వెండి ఆక్సైడ్‌గా గోధుమరంగులో దిగుతుంది. పీహెచ్ దించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే కొలవాల్సిన క్లోరైడ్‌ను మనమే పోసినట్టు. సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేయాలి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోరు నీటిలో సల్ఫైడ్ ఉంటుంది, అదీ వెండిని లాక్కుంటుంది. అలాంటి నమూనాకు ముందుగా ఒక మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి కాసేపు కలపాలి. ఇనుము లీటరుకు 10 మి.గ్రా. దాటితే ముగింపు రంగు కనిపించదు. ఇక అందరూ చేసే తప్పు: ఇటుకరంగు స్పష్టంగా వచ్చేదాకా ఆగడం. అర మి.లీ. ఎక్కువ పోస్తే 100 మి.లీ. నమూనాలో తేడా రెండున్నర మి.గ్రా.లే. కానీ 10 మి.లీ. నమూనాను నీళ్లతో 100కి పెంచి చేస్తున్నప్పుడు అదే తప్పు 25 మి.గ్రా. అవుతుంది.

ఉప్పెక్కువ నీళ్లకు ఈ పలుచన చేయడం తప్పనిసరి. 10 మి.లీ. తీసుకుంటే 50తో హెచ్చించాలి. బ్లాంక్ తీసేశాక 24 మి.లీ. వచ్చిందంటే 1,200 మి.గ్రా., తాగడానికి పనికిరాదు. లీటరుకు 10 గ్రాముల లవణీయత ఉన్న రొయ్యల చెరువు నీటిలో క్లోరైడ్ ఒక్కటే 5,500 మి.గ్రా. దాకా ఉంటుంది. దానికి 2 మి.లీ. నమూనా చాలు, 250తో హెచ్చించాలి, రీడింగు 22 దగ్గర వస్తుంది. కుళాయి నీటితో కడిగిన గాజుసామాను చివరగా స్వేదనజలంతో తొలవకపోతే ఈ లెక్కలన్నీ వృథా. స్వేదనజలంలో సిల్వర్ నైట్రేట్ పోయగానే పాలలా మసకబారిందంటే నీళ్లో, గాజుసామానో శుభ్రంగా లేనట్టే.

కాలేజీ ల్యాబులో

లవణ విశ్లేషణలో క్లోరైడైతే పెరుగుతునకల్లాంటి తెలుపు వస్తుంది, అమ్మోనియాలో ఇట్టే కరుగుతుంది. బ్రోమైడైతే లేత పసుపు, అరకొరగా కరుగుతుంది. అయోడైడైతే పసుపు, కరగదు. సోడియం కార్బనేట్ సారంతో చేసేటప్పుడు ముందుగా సజల నైట్రిక్ ఆమ్లంతో బుడగలు ఆగేదాకా ఆమ్లీకరించకపోతే సిల్వర్ కార్బనేట్ తెల్లగా దిగి, లేని క్లోరైడ్ ఉన్నట్టు మోసగిస్తుంది. ఈ పరీక్షకు 2 శాతం ద్రావణం చాలు. ఒక్కో విద్యార్థికి 20 చుక్కలు, అంటే ఒక మి.లీ. అనుకుంటే వంద మందికి అయ్యేది రెండు గ్రాములు. పెద్ద సీసా చేతికివ్వకుండా డ్రాపర్ సీసాల్లో పంచితే రసాయనమూ మిగులుతుంది, చొక్కాలూ మిగులుతాయి.

ఆల్డిహైడ్‌లను గుర్తించే టోలెన్స్ పరీక్ష దగ్గర మాత్రం గొంతు పెంచి చెప్పాల్సిందే. 5 శాతం సిల్వర్ నైట్రేట్ 2 మి.లీ. తీసుకుని, సోడియం హైడ్రాక్సైడ్ ఒక్క చుక్క వేసి, వచ్చిన గోధుమరంగు ఆక్సైడ్ సరిగ్గా కరిగేదాకా అమ్మోనియా చుక్కచుక్కగా కలుపుతాం. ఆల్డిహైడ్ కలిపి 60 డిగ్రీల నీటితొట్టెలో పెడితే గాజుకు అద్దంలా వెండి పూత పడుతుంది. ఇంత అందమైన ఈ ద్రావణాన్ని అలాగే వదిలేస్తే సిల్వర్ నైట్రైడ్ లాంటి నల్లటి పదార్థం ఏర్పడుతుంది. ఎండిపోతే రాపిడికే, కొన్నిసార్లు కదిలించినంతనే పేలుతుంది. అందుకే టోలెన్స్ కారకాన్ని సీసాలో నిల్వ చేయకూడదు, నేరుగా మంట మీద వేడి చేయకూడదు, ‘సాయంత్రం కడుగుదాం’ అని సింకు పక్కన పెట్టకూడదు. పరీక్ష అవగానే సజల నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లం చేసి, తర్వాత ఉప్పు వేసి వెండిని క్లోరైడ్‌గా దించాలి. ఎసిటిలీన్ వాయువును వెండి ద్రావణంలోకి పంపినా, నైట్రిక్ ఆమ్లం కలిసిన వెండి వ్యర్థాన్ని ఆల్కహాల్ వ్యర్థం డబ్బాలో పోసినా పేలుడు పదార్థాలే పుట్టవచ్చు. సిల్వర్ నైట్రేట్‌ను మెగ్నీషియం పొడితో కలిపి నీటిచుక్క వేసే ప్రయోగాన్ని వీడియోల్లో చూసి పిల్లలు అడుగుతారు. అది కళ్లు పోగొట్టే మెరుపు మంట, చేయించవద్దు.

మందుగా, పొలంలో

1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ క్రేడె నవజాత శిశువుల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేసే పద్ధతిని ప్రకటించాడు. ప్రసవ సమయంలో గనేరియా సోకి కళ్లు పోయే పిల్లల సంఖ్య దానితో బాగా తగ్గింది. తర్వాతి కాలంలో దాన్ని 1 శాతానికి తగ్గించారు, ఇప్పుడు కంటిని మంటపెట్టని యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్లు వచ్చాయి. కాలిన గాయాలకు 0.5 శాతం ద్రావణాన్ని 1960లలో విస్తృతంగా వాడారు. అక్కడా మొదటి స్వభావం అడ్డొచ్చింది: గాయంలోంచి క్లోరైడ్‌ను లాగేయడంతో రోగి రక్తంలో లవణాలు పడిపోయేవి. ఆ తర్వాత వచ్చిన సిల్వర్ సల్ఫాడయాజీన్ క్రీములో వెండి నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి ఆ ఇబ్బంది తగ్గింది. పసిపిల్లల బొడ్డు రాలాక మిగిలే ఎర్రటి కండకూ, ఆగని చిన్న రక్తస్రావానికీ డాక్టర్లు వాడే పుల్లల కొసన 75 శాతం సిల్వర్ నైట్రేట్, 25 శాతం పొటాషియం నైట్రేట్ ఉంటాయి. చుట్టూ చర్మానికి వాసెలిన్ రాయకపోతే మంచి చర్మం కూడా కాలుతుంది. ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు.

వెండి నీళ్లు తాగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని అమ్మేవాళ్లను నమ్మవద్దు. వెండి ఏళ్లతరబడి శరీరంలో చేరితే చర్మంలో, కళ్లలో పేరుకుని వెలుతురుకు నల్లబడి మనిషి నీలి బూడిదరంగుకు మారిపోతాడు. ఆర్జీరియా అనే ఆ రంగు చాలావరకు ఇక పోదు.

విత్తనోత్పత్తిలో మరో ఉపయోగం ఉంది. ఆడపూలే పూసే కీర దోస వంశాలను నిలబెట్టుకోవడానికి రెండు నుంచి నాలుగు ఆకుల దశలో 200–300 పీపీఎం సిల్వర్ నైట్రేట్ పిచికారీ చేస్తారు. ఎథిలీన్ అనే మొక్కల హార్మోన్ ప్రభావాన్ని వెండి అడ్డుకోవడంతో మగపూలు వస్తాయి.

చేతిలోకి తీసుకునే ముందు

ఇది ఆక్సీకరణి, చర్మాన్నీ కంటినీ కాల్చేది, నీటి జీవులకు తీవ్ర విషం. పని ప్రదేశపు గాలిలో కరిగే వెండి లవణాలు, వెండి లెక్కన, ఘనపు మీటరుకు 0.01 మి.గ్రా. మించకూడదన్నది అమెరికా పరిమితి. పొడిని ఊదేలా, ఎగిరేలా తూచకూడదనడానికి అది చాలు. నైట్రైల్ గ్లవ్స్, కళ్లజోడు, కోటు తప్పనిసరి. తూకానికి కాగితం కాకుండా గాజు లేదా ప్లాస్టిక్ పళ్లెం వాడాలి.

చర్మం మీద పడితే నలుపు కోసం ఎదురు చూడకండి, వెంటనే ధారగా నీళ్లతో కడగండి. నలుపు కనిపించేసరికి వెండి ఇంకిపోయి ఉంటుంది, అది ఒకటి రెండు వారాల్లో పొరతోపాటే రాలుతుంది. దాన్ని గీకడం, ఘాటు రసాయనాలతో రుద్దడం మచ్చకంటే ఎక్కువ హాని. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కంట్లో ఉప్పునీళ్లు కలిపి పోయడం లాంటి సొంత ప్రయోగాలు వద్దు. మింగితే నోరు కడిగించి, వాంతి చేయించకుండా, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

బల్ల మీద ఒలికితే ఉప్పునీళ్లు పోసి వెండిని క్లోరైడ్‌గా మార్చి తుడవాలి. రంపపు పొట్టు చల్లకూడదు. ఎండిన నైట్రేట్ పట్టిన గుడ్డ నిప్పు రవ్వకు భగ్గున అంటుకోగలదు కాబట్టి తుడిచిన గుడ్డను నీళ్లతో బాగా పిండాకే పారేయాలి. ఆ పిండిన నీళ్లు వెండి వ్యర్థం డబ్బాలోకి పోవాలి. బట్టల మీదో బల్ల మీదో మచ్చ నల్లబడిపోయి ఉంటే టింక్చర్ అయోడిన్ రాసి, వెండి అయోడైడ్‌గా మారాక హైపో ద్రావణంతో కరిగించి కడగవచ్చు.

సింకులో పోయకండి

వెండి అయాన్ లీటరుకు కొన్ని మైక్రోగ్రాములున్నా చేపలకు ప్రమాదమే. పైగా పారబోసేది డబ్బు. అంశమాపనం ఫ్లాస్కుల వ్యర్థాన్ని ఒక డబ్బాలో పోసి చిటికెడు ఉప్పు వేస్తే ఎర్రటి సిల్వర్ క్రోమేట్ కూడా తెల్లటి క్లోరైడ్‌గా మారి అడుగుకు చేరుతుంది. పైన మిగిలే పసుపు నీరు మామూలు నీరు కాదు, అందులో క్యాన్సర్ కారకమైన ఆరు సంయోజకత క్రోమియం ఉంటుంది. దాన్ని ఆమ్లం చేసి సోడియం బైసల్ఫైట్‌తో మూడు సంయోజకతకు దించి, పీహెచ్ 8–9కి పెంచి, దిగిన ఆకుపచ్చ మడ్డిని అనుమతి ఉన్న వ్యర్థ నిర్వహణ సంస్థకు అప్పగించాలి. అమ్మోనియా కలిసిన వ్యర్థాన్ని ముందు ఆమ్లం చేయకపోతే ఉప్పు వేసినా వెండి దిగదు. హైపో కలిసినా దిగదు, అందుకే హైపో డబ్బా విడిగా ఉంచాలి.

పోగైన సిల్వర్ క్లోరైడ్‌ను తడిగా ఉండగానే జింకు ముక్కలు, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలియబెడితే బూడిదరంగు వెండి పొడి వస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు. గ్రాము క్లోరైడ్‌కు ముప్పావు గ్రాము వెండి. మిగిలిన జింకును ఆమ్లంతో పూర్తిగా కరిగించి తీసేసి, పొడిలో క్లోరైడ్ పోయేదాకా స్వేదనజలంతో మళ్లీ మళ్లీ కడగాలి. పోయిందో లేదో చూడటానికి కడిగిన నీళ్లలో వేయాల్సినది ఒక చుక్క సిల్వర్ నైట్రేటే. మసక కనిపిస్తే ఇంకోసారి కడగాలి.